చలికాలంలో రోహుకు పుండ్లు: లోపం రిసెప్టర్లలోనా, నీళ్లలోనా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిండి దగ్గర మీ ఊరి చెరువులో మీ నాన్నకు వాటా ఉంది. మూడేళ్లుగా సంక్రాంతికి అటూ ఇటూగా రోహులు, కొర్రమీనులు ఒంటి మీద ఎర్ర పుండ్లతో తేలుతున్నాయి. నువ్వేమో నల్లగొండలో ఎమ్మెస్సీ జువాలజీ. యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలు ఎముక మజ్జలో పుడతాయని క్లాసులో చెప్పారు. చేప ముల్లులో రక్తం పుట్టించే మజ్జ లేదు కదా, మరి దానికి యాంటీబాడీ ఎక్కడిది, టీకా వేస్తే పనిచేస్తుందా, ఈ గోల చలికాలంలోనే ఎందుకు అని అడిగావు. మూడూ మంచి ప్రశ్నలే. నిజానికి మూడూ ఒక్కటే ప్రశ్న.

చేపల ఇమ్యునాలజీతో ఇరవై ఏళ్లకు పైగా కుస్తీ పట్టినవాడిగా ముందే ఒక మాట చెప్తాను. చేపకు రోగనిరోధకం లేదనీ, ఉన్నా అది నాసిరకమనీ చాలామంది అనుకుంటారు. అది తప్పు. రోగకారకాన్ని గుర్తుపట్టే రిసెప్టర్లను తయారుచేసే యంత్రం మనకూ చేపకూ ఒక్కటే. చేపకు ముఖ్యంగా తక్కువైనవి రెండు: ఒకటి కణాల సంఖ్య, రెండోది వేడి. ఆ రెండూ కలిసి దాని టైంను తినేస్తాయి.

ముందు మజ్జ సంగతి. ఈ ఆదివారం చేపల మార్కెట్‌కు పోయినప్పుడు, చేపలు కోసే ఆమె దగ్గర రెండు నిమిషాలు నిలబడు. పొట్ట చీల్చి, పేగులు తీసి, గాలితిత్తి పీకేశాక వెన్నుముల్లును అంటుకుని నల్లటి ఎరుపులో గడ్డకట్టిన నెత్తురులాంటిది కనిపిస్తుంది. బొటనవేలి గోరుతో దాన్ని గీకి పారేస్తారు. అడిగితే "నెత్తురు గడ్డ" అంటారు. అది నెత్తురు కాదు, కిడ్నీ. అందులో తల వైపు, మొప్పల వెనకాల ఉండే భాగాన్ని హెడ్ కిడ్నీ అంటాం. దానికి మూత్రంతో పెద్దగా పని లేదు. రక్తకణాలు, బి-కణాలు పుట్టేది అక్కడే. మనకు ఎముక మజ్జ ఎలాగో చేపకు హెడ్ కిడ్నీ అలాగ. రోగనిరోధకంలో ఇంకో రకం కణాలైన టి-కణాలు తయారయ్యే థైమస్ అనే గ్రంథి మొప్ప గది పైకప్పుకు అతుక్కుని, చర్మానికి చాలా దగ్గర్లో ఉంటుంది. ప్లీహం సరేసరి. లింఫ్ గ్రంథులు మాత్రం చేపకు లేవు. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఇక రిసెప్టర్. బి-కణం మీద, టి-కణం మీద ఉండే రిసెప్టర్‌కు జీనోమ్‌లో రెడీమేడ్ జీన్ ఉండదు. ముక్కలు ఉంటాయి. ఆ ముక్కలను ఏ కణానికి ఆ కణం కత్తిరించి అతుక్కుంటుంది. యాంటీబాడీ జీన్లు ఇలా అతుకులతో తయారవుతాయని చూపింది సుసుము టోనెగావా. దానికే 1987లో నోబెల్ ఇచ్చారు. నా విద్యార్థులకు నేను గద్వాల చీరతో చెప్తాను. గద్వాల చీర ఒంటి నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకదాన్ని ఇంకోదానికి పోగు పోగు కలిపి మగ్గం మీదే అతుకుతారు. యాంటీబాడీలో పెద్ద భాగమైన భారీ గొలుసు జీన్ కూడా అంతే. వి అనే ముక్కలు కొన్ని, డి ముక్కలు కొన్ని, జె ముక్కలు కొన్ని. మొదట ఒక డి, ఒక జె కలుస్తాయి, అంటే అంచుకు కొంగు కలిసినట్టు. ఆ తర్వాత దానికి ఒక వి వచ్చి కలుస్తుంది, అది చీర ఒంటి. మధ్యలో మిగిలిన డీఎన్ఏ తెగిపోతుంది. ఒక్కో కణం ఒక్క చీరే నేస్తుంది. జీవితాంతం అదే కట్టుకుంటుంది.

కత్తెర పేరు రాగ్. రాగ్-1, రాగ్-2 అని రెండు ప్రోటీన్లు కలిసి పనిచేస్తాయి. ఎక్కడ కత్తిరించాలో చెప్పడానికి ప్రతి ముక్క పక్కన 7 డీఎన్ఏ అక్షరాల గుర్తు ఒకటి, 9 అక్షరాల గుర్తు ఒకటి ఉంటాయి. వాటి మధ్య 12 లేదా 23 అక్షరాల ఖాళీ ఉంటుంది. 12 ఖాళీ ఉన్నది 23 ఖాళీ ఉన్నదానితోనే కలవాలి. అందుకే వి వెళ్లి ఇంకో వికి అతుక్కోదు. ఈ నియమం నీలోనూ అదే, మీ చెరువులో రోహులోనూ అదే, సముద్రంలో సొరచేపలోనూ అదే. దవడ ఉన్న వెన్నెముక జీవులన్నిటికీ ఇది సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటి ఆస్తి. అతుకు దగ్గర ఇంకో చిత్రం జరుగుతుంది. టీడీటీ అనే ఎంజైమ్ జీనోమ్‌లో ఎక్కడా లేని అక్షరాలను తోచినట్టు ఇరికిస్తుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రాని అక్షరాలవి. రోగకారకాన్ని పట్టుకునే కొస సరిగ్గా ఆ అతుకు దగ్గరే ఏర్పడుతుంది. అంటే చీర అందమంతా కుట్టులో ఉన్నట్టు.

సరే, ఎన్ని చీరలు? ఇక్కడే అసలు విషయం. 2009లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 14 జీబ్రాఫిష్‌లను తీసుకుని, ఒక్కో చేపలో ఉన్న యాంటీబాడీ జీన్లన్నిటినీ చదివేశారు. జీబ్రాఫిష్ మన ఉపఖండపు చేపే. పొలం కాలువల్లో, కుంటల్లో తిరిగే చారల పరక. దాని ఐజీఎం అనే రకం యాంటీబాడీకి వి ముక్కలు 39, డి ముక్కలు 5, జె ముక్కలు 5. గుణిస్తే 975 రకాల కలయికలు. ఒక్కో చేప వాటిలో సగం నుంచి 86 శాతం దాకా వాడుకుంటోందని తేలింది. అతుకు దగ్గరి మార్పులు కూడా కలిపితే ఒక్కో చేపలో 5,000 నుంచి 6,000 రకాల భారీ గొలుసులు. ఆ చేప మొత్తం ఒంట్లో యాంటీబాడీ తయారుచేసే బి-కణాలు 3 లక్షలే. ఎలుక దీనికి వెయ్యి రెట్లు, మనిషి లక్ష రెట్లు.

దీన్ని మీ చెరువు కట్ట మీద నిలబడి ఆలోచించు. పెద్ద జీబ్రాఫిష్ పొడవు 3 నుంచి 4 సెంటీమీటర్లు. వానకు నిండి ఎండాకాలానికి ఎండిపోయే చెరువుల్లో వేసే చేప పిల్ల 35 నుంచి 40 మిల్లీమీటర్లు. రెండూ ఒకే కొలత! రోహు వేరు, జీబ్రాఫిష్ వేరు అని నాకు తెలుసు. అక్కడి లెక్కను ఇక్కడికి యథాతథంగా తేకూడదనీ తెలుసు. కానీ ఒంట్లో పట్టే కణాల సంఖ్యకు ఒంటి సైజే హద్దు. బొటనవేలంత పిల్లలో ఫలానా సూక్ష్మజీవికి సరిపోయే రిసెప్టర్ ఉన్న కణాలు ఎన్నుంటాయి? వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అవి గుణించుకుంటూ పోయి దండు కావాలి. పైగా జీబ్రాఫిష్‌లో ఈ నేర్చుకునే రోగనిరోధకం పనిలోకి రావడానికే పుట్టాక 4 నుంచి 6 వారాలు పడుతుంది. రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల కావాలని అడగడానికి పెద్ద చేపల నోటికి చిక్కకుండా అన్నది ఒక కారణం. నన్నడిగితే రిసెప్టర్లు రెండో కారణం. ఇది నా ఊహ, పుస్తకంలో మాట కాదు.

యాంటీబాడీ రకాల గురించి పరీక్షకు కావాలి కాబట్టి చెప్తున్నాను. మనకు ఐదు తరగతులు, ముళ్ల చేపలకు మూడే: ఐజీఎం, ఐజీడీ, ఐజీటీ. మన ఐజీఎం ఐదు కలిసిన గుత్తి, చేపది నాలుగు కలిసిన గుత్తి. ఐజీటీని 2005లో ట్రౌట్ చేపలో కనుక్కున్నారు. అదే ఏడాది జీబ్రాఫిష్‌లో దాన్నే కనుక్కున్నవాళ్లు ఐజీజెడ్ అని పేరు పెట్టారు. అందుకే పుస్తకాల్లో రెండు పేర్లు కనిపించి తికమక పడతారు. పేగుల్లో జిగురు పొర మీద కాపలా కాసేది ఇదేనని 2010లో తేలింది, మనలో ఐజీఏ అనే యాంటీబాడీ చేసే పని. రోహులో కూడా మూడు రకాల జీన్లూ ఉన్నాయి. చేప పేను పట్టిన రోహుల్లో ఈ మూడూ ఎలా మారుతున్నాయో మన దేశంలోనే చూశారు. కానీ అమెరికా చానెల్ క్యాట్‌ఫిష్‌కు ఐజీటీ లేదు. అందుకే "చేపల్లో ఇలా ఉంటుంది" అని ఒక్క ముక్కలో రాయొద్దు. అట్లాంటిక్ కాడ్ చేపకైతే ఎంహెచ్‌సీ-2 కూడా లేదు, దాన్ని గుర్తుపట్టే టి-కణాల సీడీ4 కూడా లేదు. 2011లో దాని జీనోమ్ చదివినప్పుడు అందరం నోరెళ్లబెట్టాం. టి-కణం రిసెప్టర్ సూక్ష్మజీవిని నేరుగా చూడలేదు. ఎంహెచ్‌సీ అనే పళ్లెంలో ముక్క పెట్టి ఇస్తేనే చూస్తుంది. ఒక పళ్లెం మొత్తానికే లేకుండా ఆ చేప సముద్రంలో హాయిగా బతుకుతోంది. దవడ లేని లాంప్రేలదైతే పూర్తిగా వేరే మగ్గం. రాగ్ లేదు, వి-డి-జె లేవు. వీఎల్ఆర్ అనే వేరే రకం రిసెప్టర్లు. అవి 2004లో బయటపడ్డాయి. అవి మీ చెరువులో దొరకవు కాబట్టి వదిలేద్దాం.

ఇప్పుడు లింఫ్ గ్రంథులు లేవన్న సంగతికి వద్దాం. మన లింఫ్ గ్రంథుల్లో జెర్మినల్ సెంటర్లు ఉంటాయి. అక్కడ బి-కణాలు పోటీ పడి, బాగా పట్టుకునేవి మిగులుతాయి. అందుకే రెండో డోసు టీకాకు మన యాంటీబాడీ పట్టు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చేపకు మనలాంటి అఖాడా లేదు. మార్పులు చేసే ఎయిడ్ అనే ఎంజైమ్ ఉంది, పట్టు కొంత మెరుగవుతుంది, కానీ మన స్థాయిలో కాదు. ఐజీఎం నుంచి ఇంకో తరగతికి మారడం అసలే లేదు. దీనికి బదులు అన్నట్టు చేప బి-కణానికి ఒక విద్య ఉంది. అది బ్యాక్టీరియాను మింగేస్తుంది. 2006లో ట్రౌట్‌లో ఇది చూపించేదాకా బి-కణం మింగదు అనే మేమంతా బోర్డు మీద రాస్తూ వచ్చాం.

ఇక చలి. మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా జనవరి పొద్దున ఎలా ఉంటుంది? గడ్డకట్టి, ఎండలో పెడితే గానీ కారదు. పల్లీనూనె మాత్రం అలా గడ్డకట్టదు. రెండూ నూనెలే, కొవ్వు ఆమ్లాలు వేరు. కణం పొర కూడా కొవ్వుతో చేసిందే. రిసెప్టర్లు ఆ పొరలో తేలుతుంటాయి. ఒక రిసెప్టర్‌కు ఏదో తగిలితే చాలదు. చాలా రిసెప్టర్లు జరుగుతూ వచ్చి ఒకచోట గుంపు కావాలి. అప్పుడే లోపలికి కబురు పోతుంది. పొర బిగుసుకుంటే ఆ జరగడం కష్టం. 1980లలో, 90లలో అమెరికాలోని మిస్సిసిపీలో చానెల్ క్యాట్‌ఫిష్ మీద దీన్ని బాగా తవ్వారు. చల్లటి నీళ్లలో బి-కణాలు ఫరవాలేదు. ఇంతకుముందు ఆ సూక్ష్మజీవిని చూసిన టి-కణాలూ ఫరవాలేదు. దెబ్బతినేది కొత్త శత్రువును మొదటిసారి చూస్తున్న టి-కణాలు. ఆ కణాలకు ఓలియిక్ ఆమ్లం, అంటే ఒక మెత్తటి కొవ్వు, కలిపి ఇస్తే చలిలో కూడా మళ్లీ గుణించాయి. అమెరికా క్యాట్‌ఫిష్‌కు 17 డిగ్రీలు హద్దయితే రోహుకూ అదే అనకు. రోహు వేడి నీళ్ల చేప, దాని హద్దు వేరు. కానీ సూత్రం నీకు అర్థమైందనుకుంటాను. చలికి ముందే చూసిన శత్రువుతో చేప పోరాడగలదు, చలిలో కొత్తగా వచ్చినవాడితో తడబడుతుంది.

ఈ పాఠం నేను సిగ్గుపడి నేర్చుకున్నాను. రీసెర్చ్ మొదట్లో ఒక డిసెంబర్‌లో, చంపిన ఏరోమోనాస్ బ్యాక్టీరియాను రోహులకు ఇంజెక్షన్ ఇచ్చాను. కుందేళ్లకు చేసే అలవాటు ప్రకారం రెండు వారాలకు తోక దగ్గర రక్తం తీసి, యాంటీబాడీ ఉంటే రంగు వచ్చే ఎలైసా పరీక్ష పెట్టాను. ప్లేట్‌లో ఒక్క గుంటలో కూడా రంగు రాలేదు. యాంటిజెన్ పాడైందని, సెకండరీ యాంటీబాడీ పాడైందని వారం రోజులు టెన్షన్ పడి అన్నీ మార్చాను. మా గైడ్ వచ్చి ట్యాంకులో చెయ్యి పెట్టి, "ఇంత చల్లటి నీళ్లలో నువ్వైతే రెండు వారాల్లో ఏం చేస్తావు?" అన్నారు. హీటర్లు పెట్టి, మళ్లీ మొదలుపెట్టి, అయిదో వారం తీస్తే రంగు వచ్చింది. పాడైంది రీఏజెంట్ కాదు, నా క్యాలెండర్.

మీ చెరువు పుండ్లు ఏమిటో ఫొటో చూసి చెప్పలేను. పేను కరిచిన చోట ఏరోమోనాస్ చేరి పుండు కావచ్చు. లేదా ఈయూఎస్ అనే పుండ్ల రోగం కావచ్చు. అది మన దేశానికి 1988లో వచ్చింది. దానికి కారణం అఫనోమైసిస్ ఇన్వాడాన్స్, బూజులా కనిపించే నీటి జీవి, అసలు బూజు కాదు. నీళ్లు 18 నుంచి 22 డిగ్రీల మధ్యకు దిగినప్పుడు ఇది చెలరేగుతుంది. అది బాగా పెరగడానికి ఆ వేడి సరిపోతుంది. చేప కణాలు వచ్చి పుండు చుట్టూ గోడ కట్టడానికి మాత్రం ఆ వేడి చాలదు. మన కొర్రమీనుకు ఇది బాగా తగులుతుంది. రోహు, బొచ్చె, మృగాల చేపలకూ వస్తుంది. అదే చెరువులో బంగారు తీగ (కామన్ కార్ప్) మాత్రం దాదాపు తట్టుకుంటుంది. కాబట్టి ఒక పని చెయ్యి. పుండ్లు వచ్చినప్పుడు బంగారు తీగలకు కూడా ఉన్నాయా లేదా చూసి రాసిపెట్టుకో. వాటికీ సమానంగా ఉంటే ఈయూఎస్ అనుమానం తగ్గుతుంది. ఇంకా బతికున్న చేపను ఐస్‌లో పెట్టి పెబ్బేరు ఫిషరీ కాలేజీకి గానీ, జిల్లా మత్స్యశాఖకు గానీ తీసుకెళ్లు. చచ్చి తేలిన చేప పనికిరాదు.

షాపులో అమ్మే "ఇమ్యూనిటీ బూస్టర్" సీసాల గురించి కూడా అడిగావు. అవి వి-డి-జె రిసెప్టర్లను ఏమీ చేయవు. అవి తగిలేది పుట్టుకతో వచ్చే రిసెప్టర్లకు, అంటే బ్యాక్టీరియా, బూజుల సాధారణ గుర్తులను పసిగట్టే వాటికి. వాటిలో టోల్ రిసెప్టర్లు (టీఎల్ఆర్) అనేవి మనకు 10, చేప జాతులన్నీ కలిపి చూస్తే 20 దాకా. టీఎల్ఆర్22 లాంటివి మనకు లేనే లేవు. బ్యాక్టీరియా తోకను పట్టుకునే టీఎల్ఆర్5 మనకు కణం మీదే ఉంటుంది, చేపల్లో రక్తంలో తిరిగే రకం కూడా ఉంది. మనల్ని మైక్రోగ్రాముల్లో పడగొట్టే ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా విషాన్ని చేపలు మోతాదుల కొద్దీ తట్టుకుంటాయి. ఫుగు చేపకు దాన్ని గుర్తించే టీఎల్ఆర్4 జీనే లేదు. బూస్టర్లలో ఉండే బీటా గ్లూకాన్‌ను మనలో డెక్టిన్-1 అనే రిసెప్టర్ పట్టుకుంటుంది. చేపల్లో దానికి స్పష్టమైన జోడీ జీన్ దొరకలేదు, ఆ పని వేరే లెక్టిన్లు చేస్తున్నట్టుంది. అందుకని గ్లూకాన్ దండగ అనను, మేతలో కలిపితే ఉపయోగం కనిపించిన సందర్భాలున్నాయి. కానీ ఊరి చెరువులో మేతే వేయనప్పుడు సీసా తెచ్చి నీళ్లలో పోస్తే అలుగు మీదుగా డబ్బులు వదిలినట్టే.

టీకా పనిచేస్తుందా? పనిచేస్తుంది. 1942లోనే ట్రౌట్ చేపలకు మేతలో టీకా పెట్టి చూశారు, 1976లో అమెరికాలో మొదటి చేప టీకాకు లైసెన్స్ వచ్చింది. నార్వేలో సాల్మన్ పెంపకంలో యాంటీబయాటిక్ వాడకం పడిపోవడానికి టీకాలే ముఖ్య కారణం. మన దగ్గర ఇబ్బంది రిసెప్టర్ కాదు, చెయ్యి. పాలమూరు గొర్రెల మందలో ఒక్కోదాన్ని కాలు పట్టి టీకా వేయొచ్చు. 50 వేల పిల్లలను ఎవరు పడతారు? అందుకే పిల్లల దశలోనే తొట్టిలో ముంచే టీకాలు, లేదా తల్లికి వేసేవి. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా తెచ్చిన బ్రూడ్ వ్యాక్ ఆ రెండో రకం. తల్లి చేపకు వేస్తే దాని ఐజీఎం గుడ్లలోకి దిగి, సొంత చీర నేసుకునేదాకా పిల్లకు అమ్మ చీర కప్పినట్టు కాపాడుతుంది. అది హేచరీల పని, మీ నాన్న పని కాదు.

మీ నాన్నకు నేను చెప్పేది తేదీ గురించే. చెరువు నిండగానే, ఆగస్టు, సెప్టెంబర్‌లో నీళ్లు ఇంకా వెచ్చగా ఉండగా పిల్ల పడితే, ఆ చెరువులో ఉన్న సూక్ష్మజీవులను అది చలికి ముందే చూస్తుంది. దాని కణాలు గుణించుకోవడానికి రెండు మూడు నెలలు దొరుకుతాయి. నీళ్లు ఆలస్యంగా వచ్చిన ఏడాది నవంబర్‌లో చిన్న పిల్లను వేసి, జనవరిలో పుండ్లు చూసి ఏడవడం కంటే, ఆ ఏడాది సంఘంలో మాట్లాడి కాస్త పెద్ద పిల్లను, తక్కువ సంఖ్యలో, బంగారు తీగ వాటా పెంచి వేయండి. చలి రోజుల్లో అనవసరంగా వల లాగొద్దు. వల గీతకు చేప ఒంటి మీది జిగురు పోతుంది, జిగురుతో పాటే అందులోని యాంటీబాడీ కూడా పోతుంది. సున్నం ఎంత వేయాలో నీళ్ల పీహెచ్ చూసి మత్స్యశాఖ వాళ్లు చెప్తారు, అంచనాతో కుమ్మరించొద్దు.

నీకు మాత్రం ఒక హోంవర్క్. ఈసారి మార్కెట్‌లో కిలో రోహు కోయించినప్పుడు, అప్పుడే కోసినదై ఉండాలి, ఆమె ఆ "నెత్తురు గడ్డ" గీకకముందే ఆపి తల వైపు ముక్క చిన్నది అడిగి తీసుకో. స్లైడ్ మీద రెండు మూడుసార్లు మెల్లగా అద్ది, ఆరనిచ్చి, మీ ల్యాబ్‌లో లీష్మన్ స్టెయిన్ వేసి ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూడు. కోడిగుడ్డు ఆకారంలో, మధ్యలో కేంద్రకం ఉన్నవి ఎక్కువగా కనిపిస్తాయి. తప్పు చేశానని కంగారు పడకు, అవి ఎర్ర రక్తకణాలే, చేపకు వాటిలో కేంద్రకం ఉంటుంది. వాటి మధ్య చిన్నగా, గుండ్రంగా, ఊదారంగు కేంద్రకం నిండా ఉండి చుట్టూ సన్నటి నీలి గీత మాత్రమే మిగిలినవి వెతుకు. అవి లింఫోసైట్లు. ఫొటో తీసి పంపు, నాన్నకు కూడా చూపించు.